తాళం వేసిన గ్రౌండు, రాజమల్లు చీలమండ

2019 జూన్‌లో నన్ను కరీంనగర్ వైపు బొగ్గు ఏరియా నుంచి ఆదిలాబాద్ వైపు ఏరియా ఆసుపత్రికి బదిలీ చేశారు. మధ్యలో గోదావరి వంతెన ఒక్కటే. హోదా సీనియర్ ఫిజియోథెరపిస్టు. హోదా పెద్దదే కానీ నా కింద పనిచేసేవాళ్లు ఎవరూ లేరు. ఒక గది, పట్టుకుని నడవడానికి రెండు కమ్మీలు, కదలకుండా తొక్కే ఒక సైకిలు, ఇదీ నా విభాగం. ఎముకను అతికించేది డాక్టరు, అతికిన కాలుతో మనిషిని మళ్లీ నడిపించేది మేము. బయటివాళ్లకు ఇది మాలిష్ పనిలా కనిపిస్తుంది. సర్వీసంతా ఆ మాట వింటూనే గడిచింది, విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఆ మరుసటి ఏడాది మార్చిలో, లాక్‌డౌన్‌కు కొద్దిరోజుల ముందు, రాజమల్లు అనే కార్మికుణ్ని నా దగ్గరికి పంపారు. మంథని పక్క పల్లె ఆయనది, యాభై దాటిన మనిషి. భూగర్భ గనిలో, ఇక్కడివాళ్ల మాటలో బాయిలో, సపోర్ట్‌మన్. అంటే పైకప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టే పనివాడు. జనవరిలో సొంతూరికి పోతూ బైకు జారి కుడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. లోపల ప్లేటు వేసి, పైన పిండికట్టు కట్టి, ఎముక అతికిందని తేలాక కట్టు విప్పారు.

బాయి దిగడమంటే లిఫ్టులో దిగడమని చాలామంది అనుకుంటారు. అలాంటివీ ఉన్నాయి. రాజమల్లు పనిచేసే బాయిలో మాత్రం వాలు దారి వెంట నడిచి దిగాలి, షిఫ్టు అయ్యాక అదే వాలు ఎక్కి రావాలి. ఎక్కేటప్పుడు మడమ నేలకు ఆని ఉండగానే పాదం పైకి వంగాలి. ఆ వంపు లేనివాడు కాలి మునివేళ్ల మీద ఎక్కుతాడు, అలా ఎక్కేవాడు ఎప్పుడో ఒకప్పుడు జారుతాడు. అందుకే మనిషి మళ్లీ బాయి దిగవచ్చో లేదో తేల్చే మెడికల్ బోర్డు ముందుగా చూసేది ఆ వంపునే. దాన్ని తెప్పించడానికి మొదట మెత్తటి మట్టి నేల మీద, తరువాత రోడ్డు మీద, చివరికి వాలు మీద నడిపిస్తాం. కట్టు విప్పిన తొలి నెలల్లో రాని వంపు ఆ తరువాత రావడం కష్టం.

బొగ్గు కాలనీల తీరు తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. అక్కడ ‘అన్‌ఫిట్’ చెడ్డ మాట కాదు. బోర్డు ఎవరినైనా అన్‌ఫిట్ చేస్తే ఆ ఉద్యోగం కొడుక్కో అల్లుడికో వచ్చే వీలుంటుంది. అందువల్ల కాలు విరిగినవాణ్ని పలకరించడానికి వచ్చినవాళ్లు నొప్పి సంగతి తరువాత అడుగుతారు, ముందు అన్‌ఫిట్‌కు పెట్టుకుంటున్నావా అని అడుగుతారు. రాజమల్లుకు ఒక్కతే బిడ్డ. ఆమె నర్సుగా కుదురుకుంది, అల్లుడు దుబాయ్‌లో ఉన్నాడు. ఆ ఉద్యోగం ఎవరికీ అక్కరలేదు, ఆయనకు తప్ప.

“బాయిల పన్జేసుడు దప్ప నాకేం రాదు మేడం. పైన కూసోవెడితె పిచ్చిలేస్తది. నన్ను మల్ల దిగెటట్టు జెయ్యుండ్రి,” అన్నాడు మొదటి రోజే.

చేస్తానన్నాను. అంతలో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. నా గదికి తాళం పడింది. నన్ను ఆసుపత్రి గేటు దగ్గర జ్వరం చూసే బల్ల ముందు కూర్చోబెట్టారు. కాలనీ గ్రౌండుకూ తాళం వేశారు. నడక, ఆట, వ్యాయామం ఏదైనా సరే క్వార్టర్ గడప లోపలే చేసుకోవాలన్నారు. కరెంటుకు బొగ్గు కావాలి కాబట్టి తవ్వకం పూర్తిగా ఆగలేదు. డ్యూటీ కార్డు ఉన్నవాళ్లు మాత్రం షిఫ్టు వేళకు రోడ్డు మీదికి రావచ్చు. రాజమల్లుది రెండు గదుల రేకుల క్వార్టర్. కూర్చుని చేసే కసరత్తులు ఫోనులో చెప్పాను. వాటితో కీలు సడలుతుంది, అంతే. నడక పని నడకే చేయాలి.

నాలుగు రోజులు చూసి ఆయన పొద్దున్నే గ్రౌండు పక్క మట్టి బాట మీద ఒక్కడే కర్ర పట్టుకుని నడిచాడు. కాపలావాళ్లు పట్టుకుని ఇంటికి తోలారు. నేను కాలనీ సెక్యూరిటీ అధికారికి ఫోను చేసి, ఆ నడక నేను రాసిన వైద్యమేనని చెప్పాను. ఆయన మంచివాడే, నెమ్మదిగానే మాట్లాడాడు.

“మేడం, మీరు గీ కాలనీకి కొత్త. కాలిరిగినోడు ఫిట్ గావాల్నని పొద్దుగాల లేశి నడుస్తడా? ఎవలన్న నమ్ముతరా? పత్తలాటకు పోతుండు. మీకు కత జెప్పిండు.”

పేకాటకు పోతున్నాడని ఆయన లెక్క. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కాలనీలో అందరూ ఒక దారిన పోతుంటే ఇంకో దారిన పోయేవాడి మాట అబద్ధంలా వినిపిస్తుంది. నా మాటా ఆయన చెవికి అలాగే వినిపించి ఉంటుంది.

ఏప్రిల్ చివర్లో రాజమల్లు కుంటుకుంటూ ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చాడు. జ్వరం లేదు. చీలమండ మాత్రం బన్ను రొట్టెలా ఉబ్బి ఉంది. దాని మీద బూటు తాళ్ల అచ్చులు ఎర్రగా పడి ఉన్నాయి. ఆయన ఉన్నది సిక్ సెలవులో. బూట్లతో ఆయనకు పనే లేదు.

“ఏడికి వోతున్నవ్ రాజమల్లూ, బూట్లేసుకొని?” అని అడిగాను.

“డ్యూటీకి వొయ్యేటోల్లతోని నడుస్తున్న మేడం. సైరన్ గూయంగనే బూట్లు దొడిగి, టోపీ వెట్టుకొని మందిల కలుస్తున్న. బాయి గేటుదాంక వొయ్యి, సైకిల్ స్టాండుకాడ నిలవడి, షిఫ్టు దిగినోల్లతోని మర్లస్తున్న.”

“ఎవ్వలు ఆపలేదా?”

“ఎందుకాపుతరు? గ్రౌండ్ల ఒక్కన్ని నడిస్తె తోలిన్రు. గీ మందిల నడిస్తె తొవ్వ ఇడుస్తున్రు.”

ముక్కు దగ్గర ఇనప రేకు ఉండే ఆ బరువైన బూట్లు ఇంకా గట్టిపడని కీలును బిగించేశాయి. మట్టి నేల దశ దాటకుండానే తారు రోడ్డు తొక్కాడు. ఆ పైన మంది. బాయి గేటు దగ్గర షిఫ్టు మారే వేళ భుజాలు భుజాలు రాసుకుంటాయి. ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి అంటుతుంది. ఖాళీ గ్రౌండు నుంచి ఎవరికీ అంటదు. మా నిబంధన ఆయన్ను ఖాళీ చోటు నుంచి తరిమి గుంపులోకి తోలింది, అదీ ఆరోగ్యం పేరు మీద. బూట్లు విప్పేయమన్నాను. అడుగు బయట పెట్టవద్దని గట్టిగానే కేకలు వేశాను. కోపం ఆయన మీద కాదని ఆయనకూ తెలుసు.

ఆ వారం కాలనీ లాక్‌డౌన్ సమీక్షా సమావేశానికి సూపరింటెండెంట్ అనుమతి అడిగి వెళ్లాను. ఆసుపత్రికి పెద్ద ఆయనే, అధ్యక్షత కూడా ఆయనదే. సెక్యూరిటీ అధికారి, ఊరి ఎస్సై ఉన్నారు. గ్రౌండు తెరిచి, ఒక్కో లైను క్వార్టర్లవాళ్లకు ఒక్కో వేళ ఇచ్చి, అందరినీ ఒకే దిక్కుకు, ఎడంగా నడిపించవచ్చని చెప్పాను. కట్టు విప్పినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుంటే రేపు ఇదే ఆసుపత్రికి వస్తారనీ చెప్పాను.

ఎస్సై ఓపిగ్గా విని అన్నాడు: “మేడం, మీ రాజమల్లు ఒక్కడే అయితే నాకేం ఫికర్ లేదు. ఇయ్యాల ఆయనకు తాళం తీస్తె, రేపు పోరగాండ్లు బ్యాట్లు వట్టుకొని వస్తరు. నాకున్నది ఇద్దరు కానిస్టేబుళ్లు.”

తీసిపారేయదగిన మాట కాదు అది. గేటు దగ్గర నిలబడాల్సింది ఆయన మనుషులే. చివరికి సూపరింటెండెంట్ మధ్యేమార్గం చెప్పాడు. గ్రౌండు తెరవరు. ఆసుపత్రి వెనక, వాడకంలో లేని పాత వార్డుకు బయటి నుంచి స్ట్రెచర్లు ఎక్కించే వాలు ఉంది. దాని ముందు మట్టి జాగా ఉంది. కట్టు విప్పిన రోగులు ఆసుపత్రి కార్డు చూపించి ఒక్కొక్కరుగా అక్కడికి రావచ్చు. షుగరువాళ్లకు, బీపీవాళ్లకు ఏమీ దొరకలేదు. దొరికినదాన్ని పట్టుకుని బయటికి వచ్చాను.

వాపు తగ్గడానికే మే నెల చాలా భాగం పోయింది. ఆ తరువాత రాజమల్లు రోజూ వచ్చాడు. ఎర్రటి ఎండలో మూతికి రుమాలు కట్టుకుని మట్టిలో నడిచాడు, ఆపైన వాలు ఎక్కాడు. నేను దూరంగా నిలబడి “మడమ, మడమ” అని అరుస్తుండేదాన్ని. పాదం వంపు వారం వారం మెరుగై, ఒకచోటికి వచ్చి ఆగిపోయింది. ఎంత చేసినా అక్కడి నుంచి కదలలేదు.

ఆగస్టులో బోర్డు కూర్చుంది. బోర్డులో నేను సభ్యురాలిని కాను, కీలు వంపు కొలిచి చెప్పడం వరకే నా పని. ఎముకల డాక్టరు ఆయన్ను వాలు ఎక్కమన్నాడు. సగం దాకా బాగానే ఎక్కాడు. ఆపైన కుడి మడమ లేచింది. మళ్లీ ఎక్కించారు, మళ్లీ లేచింది. సర్ఫేస్ డ్యూటీకి, అంటే బాయి దిగకుండా పైన చేసే పనికి మాత్రమే ఫిట్ అని రాశారు. నేను కొలిచిన కొలత కూడా అదే చెప్పింది. వాదించడానికి నాకేమీ లేదు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే రాసేదాన్ని.

బయట వరండాలో రాజమల్లు నన్ను ఆపాడు.

“మేడం, నిజం జెప్పుండ్రి. అప్పుడు గ్రౌండ్ల నడవనిస్తె దిగుదునా?”

“దిగెటోనివే,” అన్నాను.

తల ఊపి వెళ్లిపోయాడు. నాకు చాలా బాధ వేసింది. అయినా ఆ మాట మార్చి చెప్పాలని అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఆయనకు ల్యాంప్ రూంలో పని ఇచ్చారు. బాయి దిగేవాళ్ల టోపీలకు పెట్టే దీపాలు చార్జి చేసి, కిటికీలోంచి ఒక్కొక్కరికి అందించే పని. అన్‌ఫిట్టూ కాకపోయె, ఫిట్టూ కాకపోయె అని కాలనీ జాలిపడింది.

ఆ ఏడాది ఆఖరి సమీక్షలో సెక్యూరిటీ అధికారి గ్రౌండు నుంచి ఒక్క కేసు కూడా రాలేదని తృప్తిగా చెప్పాడు. నిజమే. గ్రౌండులో ఎవరూ లేరు.

రెండేళ్ల తరువాత రిటైరయ్యాను. ఈ వ్యవహారం నాకు నేర్పింది చిన్నదే. అంటురోగం వేళ కొలవవలసింది మనిషికీ మనిషికీ మధ్య దూరం. మేము కొలిచింది చేతిలో కార్డు ఉందా లేదా అన్నది. రోగికి నడక రాసేవాళ్లు ఎంతసేపు నడవాలో రాసి ఊరుకుంటే చాలదు. ఎక్కడ నడవాలో కూడా రాయాలి. ఆ చోటు తెరిచి లేకపోతే, తెరిపించడం కూడా వైద్యంలో భాగమే. అది ఆలస్యమైతే ఎంత నష్టమో చీలమండ మీద కొలిచి చూపించవచ్చు.