ఐదో చప్పుడు

బావిలో ఉన్నంతసేపూ ఆ మేస్త్రి మధ్యమధ్యలో “ఉండా” అని కేకేసేవాడు. తాను బాగానే ఉన్నానని, పైన ఉన్నవాళ్ల ధైర్యం కోసం. ఆ కేక ఆలస్యమైతే నేను చేతిలో పని వదిలేసి బావి దగ్గరికి పరుగెత్తేదాన్ని.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి వేసవిలో, కంబదూరులో మా పెరటి బావి తవ్వకం మా ఆయన అతనికి గుత్తకిచ్చాడు. మొరం దాటగానే నల్లబండ తగిలింది. మేస్త్రి బండకు ఐదు రంధ్రాలు తొలిచి, మందు కూరి, వత్తులు ముట్టించి పైకొచ్చాడు. నాలుగే పేలాయి.

“ఒగటి లోపలే ఉండాది. తడిపితే గానీ చావదు. నీళ్లియ్యి తల్లీ.”

మైలు దూరం నుంచి మోసుకొచ్చిన కడవ ఒక్కటే ఇంట్లో ఉంది. ఇచ్చాను. కూలీలను దూరంగా పంపి అతనే దిగాడు. మా ఆయన కడవను తాడుతో దింపాడు.

“ఉండా.” కాసేపటికి మళ్లీ, “ఉండా.” ఆ తర్వాత ఏమీ లేదు.

“మేస్త్రీ, పలకప్పా,” అని మా ఆయన పిలుస్తూనే ఉన్నాడు. నేను చెవులు మూసుకున్నాను.

చాలాసేపటికి తలపాగా పైకొచ్చింది. కడవను లాగి చూస్తే సగం నీళ్లు అలాగే ఉన్నాయి.

“చచ్చిందిలే. అరిస్తే చెయ్యి అదురుతాదని పలకల్యా. దోసిట్లో కొంచెం కొంచెం పోసినా.”

“నీళ్లన్నీ ఒక్కసారే పోసేసుంటే తొందరగా అయిపోయేది కదప్పా,” అన్నాడు మా ఆయన.

“మళ్లా యాడ తెచ్చుకుంటారు?”

ఆ కడవలోంచే చెంబుతో నీళ్లు ముంచి వంచాను. దోసిలి పట్టాడు గానీ చేతులు నిలవలేదు, పోసినవన్నీ నేలపాలయ్యాయి. చెంబు నేనే అతని నోటికి పట్టాను.