చప్పుడు లేని మాటలు

అప్పటికి మా మరమగ్గాల ఊరి శివారు పూర్ణలో గోదాములు కొత్తగా లేస్తున్నాయి. అందులో ఒకదాని గేటు దగ్గర నా ఉద్యోగం. వచ్చిన లారీలో చలాన్‌లో రాసినన్ని మూటలు ఉన్నాయో లేవో చూడాలి. అంటే, ఎవరినీ నమ్మకుండా ఉన్నందుకు నాకు జీతమిస్తారు. బీకాం చదివినందుకు ఆ మాత్రం దక్కింది. ఆ గుణాన్ని సాయంత్రం గేటు దగ్గరే వదిలి రమ్మని మా ఆవిడ చాలాసార్లు చెప్పి చూసింది.

ఏడో తరగతి చదివే మా బిడ్డ ఒకనాడు జడ వేయించుకుంటూ, "బాపూ, నా చెవులు మంచిగనే ఉన్నయా?" అని అడిగింది. నాకు ముందు వచ్చింది జాలి కాదు, అనుమానం. పరీక్షలు దగ్గర పడ్డాయి మరి.

వెనక నిలబడి గుసగుసగా పిలిచాను. పలికింది. తలుపు అవతల నుంచి పిలిచాను. పలికింది. వంటింట్లో వాళ్లమ్మ నా గురించి గొణుక్కుంటున్నది కూడా నాకంటే ముందు దానికే వినబడింది. డాక్టరు లైటు వేసి చూసి చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. భేషుగ్గా ఉన్న చెవులకు చుక్కల మందు ఎందుకు రాశాడో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆ తర్వాత ఒక్కొక్కటే కంట పడసాగింది. టిఫిన్ డబ్బా నిండుగా తిరిగి వస్తోంది. బడి నుంచి రెండు గల్లీలు చుట్టు తిరిగి ఇంటికి చేరుతోంది. రోజూ పొద్దున దాని కోసం మా గడపలో నిలబడే నలుగురు ఆడపిల్లలు రావడం మానేశారు. పద్మనగర్‌లో మా చాళ్లోనే, అంటే మా వరుస గదుల ఇళ్లలోనే, ఉంటారు వాళ్లు. నల్లా దగ్గర కనబడితే అడిగాను.

"ఏందమ్మా, మా బిడ్డతోని కట్టీ అయ్యిన్రా?"

"లేదు కాకా, మంచి దోస్తులం," అన్నారు నలుగురూ ఒకే గొంతుతో. అందులో పెద్దది, "కాకీ మంచిగున్నదా?" అని మా ఆవిడ క్షేమం కూడా అడిగింది.

బండి దిగి వచ్చి నమస్తే పెట్టి, ఇంట్లో అందరి క్షేమమూ అడిగే డ్రైవర్ లారీలో ఎప్పుడూ రెండు మూటలు తక్కువ ఉంటాయి.

బడికి వెళ్లాను. టీచరమ్మ ఓపికగానే విన్నది.

"ఏమన్నారండీ వాళ్లు?"

"ఏమన్నరో తెల్వదు."

"కొట్టారా?"

"లేదు."

"మరి కంప్లైంట్ ఏమిటండీ?"

నా దగ్గర చలాన్ లేదు. తిరిగి వచ్చాను.

ఆ వారమే మా బిడ్డ బడికి పోనన్నది. "పెద్దమ్మతోని కండెలు చుట్టనీకె పోత," అన్నది. పెద్దమ్మ అంటే మా ఆవిడ అక్క, నాకు వదినె. ఇరవై ఏళ్లుగా సాంచల షెడ్డులో, అంటే మరమగ్గాల దగ్గర, కండెలకు నూలు చుట్టే పని ఆమెది. మా గల్లీలో ఆడపిల్ల ఏడో తరగతిలో బడి మానేస్తే అది వార్త కాదు. ఎందుకని ఎవరూ అడగరు. పైగా పనిమంతురాలని మెచ్చుకుంటారు. నేను అంత భయపడే మనిషిని కాను. ఆ రోజు మాత్రం చాయ్‌లో చక్కెర లేదన్న సంగతి రెండో గ్లాసు దాకా తెలియలేదు.

కబురు పెడితే వదినె వచ్చింది. నెల రోజులుగా నేను రాబట్టలేనిది, దాని తల ఒళ్లో పెట్టుకొని పేలు చూస్తూ పది నిమిషాల్లో రాబట్టింది.

"ఏమంటరే గా పొల్లలు?"

"ఏమనరు పెద్దమ్మా. నా దిక్కు చూస్కుంట నోర్లు ఆడిస్తరు. సప్పుడు రాదు. అందరికి తెలుస్తది, నాకే తెల్వది. ఎనుక బెంచీలోళ్లు గూడ నవ్వుతరు. నాకే ఇనొస్తలేదేమో అనుకున్న."

వదినె చేయి ఆగింది. చూపు మాత్రం నా మీదికి వచ్చింది.

"గది సాంచల కాడి మాట. నలభై సాంచలు ఒక్కపారి కొడ్తుంటె ఎవల మాట ఎవలికి ఇనొస్తది? పెదాలు చూసే మాట్లాడుకుంటం. అమ్మకు సద్ది తెచ్చే పొల్లలందరికి అస్తది. నీ బిడ్డకే రాదు."

నిజమే. దూది దుమ్ము ఛాతీలోకి పోతుందని మా బిడ్డను షెడ్డు గడప తొక్కనివ్వలేదు. ఆ సంగతి చాళ్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. విన్నవాళ్లలో ఈ పిల్లల తల్లులు ఉండే ఉంటారు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరినీ అనుమానించాల్సిన పని లేకపోయింది.

"ఆదివారం తోల్కరా, నేర్పుత," అన్నది వదినె.

"బడి మాన్పియ్యనీకె ఇదొక ఉపాయమా, వదినె?"

"అనుమానముంటె నువ్వు గూడ రా మరి! గేటు కాడ నిలవడుడు నీకు అలవాటే గద."

నాలుగు ఆదివారాలు నేర్చుకోవాలి, అప్పటిదాకా బడి మానకూడదు, ఆ తర్వాత దాని ఇష్టం. ఇదీ ఒప్పందం. ముక్కుకు దస్తీ కట్టుకొని నేను షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. మొదటి వారం మా బిడ్డ వదినె నోటి వంక చూసి చూసి ఏడ్చింది. రెండో వారం "నీళ్లు", "అన్నం", "దారం తెగింది" తెలిశాయి. మూడో వారం వదినె ఏదో అన్నది. మా బిడ్డ ఫక్కున నవ్వింది. ఇద్దరూ నా వైపు చూశారు. మళ్లీ నవ్వారు.

"ఏమన్నది?" బయటికొచ్చాక అడిగాను.

"ఏం లేదు బాపూ."

దస్తీ గురించా? పొట్ట గురించా? బీకాం గురించా? రెండు రోజులు లారీలు సరిగా చూడలేదు. వదినె మంచి మనిషి, నా మీద పగ లేదు. అయినా రెండు రోజులు. మా బిడ్డ ఆ నలుగురి ముందు రెండు నెలలు కూర్చున్నది. అది మొండికేస్తోందని లోలోపల అనుకుంటూ వచ్చిన నేను, ఆ తర్వాత అలా అనుకోలేదు.

నాలుగో ఆదివారం మర్నాడు సగం రోజు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. అది బడి నుంచి వచ్చి సంచి విసిరేసింది.

"బాపూ, వాళ్లు ఏం మాట్లాడ్తలేరు."

"అంటే?"

"మాటలే లెవ్వు. ఉత్తగ నోర్లు ఆడిస్తున్నరు, మేకల లెక్క. నడుమల ఒకపారి నా పేరు, గంతే. ఎనుకోళ్లకు గూడ ఏం తెల్వది. నవ్వకుంటె రేపు ఈ నలుగురు వాళ్ల మీద పడ్తరని నవ్వుతున్నరు."

"మరి నువ్వేం జేసినవ్?"

"సప్పుడు లేకుంట 'దారం తెగింది' అన్న. నలుగురు ఒకల మొకం ఒకలు చూస్కున్నరు. పెద్దది ఉండవట్టలేక 'ఏమన్నవే?' అని ఒర్లింది. టీచరమ్మ దాన్ని నిలవెట్టింది."

నమ్మాలనే ఉంది. కానీ తండ్రి బాధపడతాడని పన్నెండేళ్ల పిల్ల నాలుగు చెడ్డ మాటలు మింగేయడమూ అసాధ్యం కాదు. దాని ముఖం వెతికాను. ఏమీ దొరకలేదు. డబ్బా మాత్రం ఖాళీగా ఉంది.

"ఎనుక బెంచీ పిల్ల ఒకతి వచ్చి నా పక్కన కూసున్నది," అన్నది అది రొట్టె తుంచుతూ. "వాళ్లు ఏమంటున్నరే అని అడిగింది. ఏం లేదే అంటె నమ్మది! నువ్వు దాస్తున్నవ్ అంటది. గంత అనుమానమేంది బాపూ మనిషికి?"

ఆ పిల్లను తప్పు పట్టే అర్హత నాకు లేదు.

"రేపు మల్ల చెప్తా. వాళ్లను చూపిచ్చుకుంట చెప్తా, ఎట్ల నమ్మదో చూస్త," అన్నది.

'రేపు' అన్న మాట నాకూ వినబడింది, పొయ్యి దగ్గరున్న మా ఆవిడకూ వినబడింది. విన్నామని తెలిస్తే మనసు మార్చుకుంటుందేమోనని ఇద్దరం తల ఎత్తలేదు.