వంతెన పటంలో పదకొండు మంది

మా తాత పోయిన సంగతి నాకు పాపిరెడ్డిపట్టి బస్సులో తెలిసింది. అత్త ఫోన్ చేసి, "తాత పోయినాడురా" అని ఏడ్చింది. నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను, ఎందుకో తెలియదు. కండక్టరు కూర్చోమన్నాడు, కూర్చున్నాను.

తాతకు విడిగా తీయించుకున్న ఫొటో లేదు. ఉన్నదల్లా గోడ మీది వంతెన పటం. దొరల కాలంలో బి. మల్లాపురం పక్కన రైలు వంతెన కడుతున్నప్పుడు తీసింది. పాత ఇనుము అంగడిలో ఆయనకు దొరికింది. మధ్యన కుర్చీలో దొర, వెనక రాతి స్తంభం, దాని కింద పదకొండు మంది కూలీలు. వాళ్లలో ఒకరు తన తాత అని ఆయన చెప్పేవాడు. రోజూ స్నానం చేసి, తననే ఎవరో ఫొటో తీస్తున్నట్టు దాని ముందు కదలకుండా నిలబడేవాడు. ఎవరని అడిగితే వేలు పెట్టి చూపించేవాడు. చిక్కల్లా, ప్రతిసారీ వేలు వేరేవాడి మీద పడేది.

"పోయిన వారం మూడోవాడు కదా తాతా?"

"పోయిన వారం కండ్లద్దాలు లేవు కదరా."

డిగ్రీ చదివిన గౌరవం కొద్దీ, పటం కింది ఇంగ్లీషు రాత ఆయనకు నేనే చదివి వినిపించాను. దొర పేరుంది, వంతెన పొడవుంది. కూలీల గురించి ఒక్క ముక్క: స్తంభం ఎత్తు తెలియడానికి నిలబెట్టిన మనుషులు.

"అంటే వీళ్లు స్కేలు, తాతా."

"స్కేలుకు ఎండ తగలదా?"

జోకు వేసింది నేను. నవ్వాలో వద్దో తెలియక నిలబడిందీ నేనే. నా వెకిలి ప్రశ్నలను విసుక్కోకుండా విన్నది ఆయనొక్కడే.

"నేను పోతే నా పటం పెట్టొద్దండి," అన్నాడు ఆ రోజే. "నా దండ పటంలో ఉండే మా తాతకెయ్యండి. పాపం, ఆయనకు ఎవురూ ఏసుండరు."

పదహారో రోజు, కర్మ నాడు, వంతెన పటానికి దండ వేశాం. అత్త కుంకుమ గిన్నె నా చేతిలో పెట్టింది. "చదువుకున్నోడివి, సరిగ్గా మనోడికే పెట్టు. దొరకు పెట్టేవు!"

దగ్గరికి వెళ్లి చూశాను. అద్దం మీద తాత వేలి జిడ్డు, పదకొండు ముఖాల మీదా ఉంది. దొర ముఖం మీద మాత్రం దుమ్ము అలాగే ఉంది. ఆయనకూ తెలియదా? తెలిసే అందరినీ చూపించాడా? మీకు తోస్తే చెప్పండి.

పదకొండు బొట్లూ పెట్టేశాను.

పక్కింటి అవ్వ వచ్చి, పటం చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఏమప్పా, ఇంతమంది ఎప్పుడు పోయినారు?"

అత్త నా వైపు చూసింది. నేను పటం వైపు చూశాను. దండ నడుమ, బొట్టు లేని నుదురుతో, ఆ ఒక్కడే బతికున్నవాడిలా దొర కుర్చీలో కూర్చొని ఉన్నాడు.