మా మరిది నాకు ఒక్క మాటా ఇవ్వలేదు

మా మరిది పోయాడన్న కబురు నాకు ఇసుక మీద ఉండగా వచ్చింది. ఎండబోసిన నెత్తళ్ళ చేపలు తిరగేస్తున్నాను. పక్కింటావిడ పరుగెత్తుకుంటూ వచ్చి, "అక్కా, మీ మరిది పోనాడు" అంది.

"ఏటి, బరంపురమా?" అన్నాను.

వేళాకోళానికి అడగలేదు. సామాన్ల కోసం బరంపురం పోవడం ఆయనకు అలవాటు. పైగా ఆ పొద్దున్నే గోడ అవతల నుంచి నన్ను తిట్టాడు. నా చేపల ఉప్పు తగిలి తన మిషన్లు తుప్పు పడుతున్నాయని, ఎప్పుడూ తిట్టే తిట్టే. అంత గొంతున్న మనిషి మధ్యాహ్నం అయ్యేసరికి ఎలా పోతాడు? పక్కింటావిడ ఇసుకలో కూలబడి ఏడ్చింది. అప్పుడు తెలిసింది నాకు.

గంజాంలో మైకు సెట్టు అద్దెకిచ్చే ఆయన అంటే చాలామంది గుర్తుపడతారు. పెళ్ళికి, పూజకి, ఎలక్షన్లకి అందరికీ ఆయన మైకే. నా భర్తకు తమ్ముడు. నా భర్త పోయాక కూడా ఒకే గోడకు ఇటు నేను, అటు వాళ్ళు ఉన్నాం. మేమిద్దరం మంచిగా మాట్లాడుకున్న రోజులు తక్కువ. మనిషి పోయాడు కదా అని ఇప్పుడు ఆ మాట మార్చను.

మార్చేవాళ్ళు మార్చారు. పెద్దకర్మ రోజున పందిరి కింద సభ పెట్టారు. గోసాని నువాగాం నుంచి మైకు సెట్టు అద్దెకు తెచ్చారు. అది మాటమాటకీ కీచుమంది. ఒకాయన లేచి, మా మరిది శాంతమూర్తి అన్నాడు. ఇంకొకాయన లేచి, జీవితంలో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నాడు. నేను పక్కనే కూర్చున్న తోడికోడలి వైపు వంగి, "ఎవురి గురించే ఇది?" అని అడిగాను.

"ఊరుకో అక్కా. సచ్చిపోనోళ్ళ గురించి అలాగే సెప్తారు" అంది ఆయన సొంత పెళ్ళామే.

చివరికి సభ నడిపిన పెద్దమనిషి మైకు అందుకున్నాడు. కొన్నేళ్ళ కిందటి పార్కు సభలో ఈ ముసలమ్మ, అంటే నేను, మాట్లాడిన మాటలన్నీ మా మరిది రాసి నేర్పినవేనట. చదువురాని మనిషికి చిలకకు నేర్పినట్టు నేర్పి, ఊరికి మేలు చేశాడట. అందరూ చప్పట్లు కొట్టారు.

ఈ మాట అబద్ధం. చిలకనన్నందుకు నా సంగతి నేను చూసుకుంటాను. కానీ ఇది మా మరిదికి ఇంకా పెద్ద అవమానం. ఎందుకో మీకు తెలియాలనే ఇదంతా చెప్పి రాయిస్తున్నాను.

రుషికుల్య సముద్రంలో కలిసే చోట మా ఆడవాళ్ళం చేపలు ఎండబెట్టుకునే ఇసుక ఉంది. మగవాళ్ళలో సగం మంది పక్క రాష్ట్రాల పడవల మీద పనికి పోతే, ఇక్కడ పొయ్యి వెలిగేది ఎండుచేప వల్లే. కొన్నేళ్ళ కిందట ఆ ఇసుక పక్కన పార్కు కడతామన్నారు. కట్టుకోండి. కాని ఇసుక ఎగిరి వచ్చి పడకుండా సముద్రం వైపు ఎత్తుగా గోడ లేపుతామన్నారు. గోడ లేస్తే మాకు గాలి ఆగిపోతుంది. చేప ఒక్క ఎండకే ఎండదు, గాలి కూడా కావాలి. గాలి లేని చోట లోపల మెత్తబడి పురుగు పడుతుంది. ఊరివాళ్ళ అభిప్రాయం అడగడానికి సభ పెడుతున్నారని తెలిసి, మా ఆడవాళ్ళంతా నన్ను మాట్లాడమన్నారు.

"నీ నోటికి కెరటం కూడా ఎనక్కి పోతాది అక్కా" అన్నారు.

నా నోటి సంగతి వాళ్ళకు తెలుసు. మైకు ముందు నా సంగతి మరిచిపోయారు. అంతకుముందు మా ఆడవాళ్ళ పొదుపు గ్రూపు మీటింగులో నా పేరు చెప్పమని మైకు ఇచ్చారు. చెప్పాను. నా పేరు నా వెనక నుంచి పెద్ద గొంతుతో వినబడింది. వెనక్కి తిరిగి, "ఎవురే అది?" అన్నాను. అదీ వినబడింది. నవ్వని మనిషి లేదు. ఆ రోజు నుంచి మైకు చూస్తే నా నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ఒడ్డున వేలంపాటలో షావుకార్ల నోళ్ళు మూయించేదాన్ని. అయినా ఇనపకడ్డీ మీద పెట్టిన ఆ నల్లముద్దను చూస్తే వణికాను. భయం పిరికివాళ్ళకే వస్తుందనుకునేవాళ్ళు ఒకసారి అక్కడ నిలబడి చూడండి.

సిగ్గు చంపుకుని మా మరిది గుమ్మం ఎక్కాను. ఏదో పెట్టెకు స్క్రూలు విప్పుతున్నాడు. తల ఎత్తలేదు.

"మరిదీ, నాకు మైకులో మాటాడ్డం నేర్పాల."

"నోరు మూసుకోడం నేర్పమంటే ఆలోసిస్తాను."

"గోడ కట్టేస్తే నీ కంచంలోకీ ఎండుసేప రాదు."

"రాకపోతే నా మిషన్లు బతుకుతాయి."

లోపలి నుంచి తోడికోడలు అంది, "అక్కకి నేర్పకపోతే రేపట్నుంచి కూడు నువ్వే ఒండుకో."

అప్పుడు తల ఎత్తి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "సేతులు సబ్బెట్టి కడుక్కొని రా ఒదినా. నా మైకుకి నీ కంపు అంటనివ్వను."

నేర్పడమంటే బడిలో నేర్పినట్టు అనుకోకండి. పాడైపోయిన మైకు ఒకటి స్టాండుకి బిగించి, నేను చేపలు ఎండబెట్టే చోటే ఇసుకలో పాతాడు. దానికి తీగ లేదు. నన్ను దాని ముందు నిలబెట్టి, తను ఎదురుగా కూర్చుని జనం వేషం కట్టాడు. నేను నమస్కారం అనగానే ఆవలించాడు. గోడ సంగతి ఎత్తుకోగానే చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. సరిగ్గా నేను మాట అందుకున్నప్పుడు లేచి బీడీ వెలిగించుకోవడానికి పడవ చాటుకు పోయాడు.

"నానిక్కడ గొంతు సించుకుంటంటే నువ్వేటి అలా పోతన్నావు?" అని అరిచాను.

"సభలో ఎవుడూ ఇనడు ఒదినా. ఆ సంగతి ముందే తెల్సుకుంటే మరి బయ్యం ఏటికి?" అన్నాడు పడవ చాటు నుంచే.

కాళ్ళు వణుకుతున్నాయంటే విసుక్కున్నాడు. "ఒణికితే ఒణకనీ. మైకుకి కాళ్ళు అగుపడవు. సెయ్యి ఒణికితే ఇనిపిస్తాది. అందుకే దాన్ని సేత్తో తియ్యకు, స్టాండుకే ఉండనీ. నీ సేతులు ఎనక్కి కట్టుకో." మాట మొదలెట్టే ముందు దగ్గితే కోప్పడ్డాడు. "గొంతు సవరించుకున్నోడు బయపడ్డాడని అందరికీ తెల్సిపోద్ది. నమస్కారం పెట్టు, ఆగు. ఊపిరి ఒదులు. ఆళ్ళు ఎదురుసూడనీ."

ఎవరిని చూసి మాట్లాడాలి అని అడిగాను.

"నీకు గిట్టనోణ్ణి ఒకణ్ణి ఎతుక్కో. ఆడితో దెబ్బలాడు. దెబ్బలాటంటే మిగతావోళ్ళు ఆళ్ళే తిరిగి సూస్తారు."

"అయితే నిన్నే సూస్తాను."

"నాను ఎనకాల ఉంటాను. నాకు నీ ఈపే కనపడతాది. ఇంకోణ్ణి సూసుకో."

ఇలా రోజూ తిట్టుకుంటూనే గడిచింది. ఒకరోజు నాకు విసుగు పుట్టి, ఏం చెప్పాలో నాలుగు మంచి మాటలు నువ్వే చెప్పు, కంఠతా పట్టేస్తాను అన్నాను. ఎన్ని సభలు విన్నాడు, ఎన్ని మాటలు తెలిసి ఉంటాయి, ఇస్తే ఏం పోయింది అనుకున్నాను.

ఆయనకు ఎప్పుడూ రానంత కోపం వచ్చింది. పాతిన స్టాండు పెరికేశాడు.

"మైకు పెట్టె ఎనకాల కూకుని ఇన్నేళ్ళు ఇన్నది అదే కదా. ఎవుడో రాసిస్తాడు, ఇంకెవుడో సదూతాడు. జనం కిల్లీలకి లేచిపోతారు. నా దగ్గిర వైర్లున్నాయి, మాటలు నేవు. అరువు మాటలకైతే ఇంకోడి గుమ్మం సూసుకో, పో."

"నువ్వెప్పుడైనా మైకులో మాటాడినావా?" అని నేనూ దెప్పాను. "హలో హలో అనడమే తప్ప. సముద్రానికి బయపడి, పడవెక్కితే కక్కుకుని, ఈ మైకు పట్టుకున్నావు."

"పట్టుకున్నాను. అందుకే సెప్తన్నాను" అన్నాడు. మర్నాడు స్టాండు మళ్ళీ ఇసుకలో పాతి ఉంది.

ఆయన ఒకే ఒక్క మాట దిద్దాడు. సభకు వచ్చే పై అధికారి కటకం వైపు ఆయన, తెలుగు రాదు, నేను ఒడియాలో మాట్లాడాలి. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కోపంలో రెండూ. మా నోట్లో గాలి అంటే గాలే. ఒడియావాళ్ళ చెవికి అది తిట్టు. "మర్సిపోకు, ఆళ్ళ దగ్గిర పబన అను" అని వదిలిపెట్టకుండా పోరు పెట్టాడు. వంట చేస్తూ, చేపలు ఉప్పులో వేస్తూ పబన, పబన అని గొణుక్కున్నాను.

సభ రోజు వచ్చింది. నా పేరు పిలిచారు. నా కాళ్ళ మాట చెప్పక్కర్లేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాను. నమస్కారం పెట్టి ఆగాను. ఊపిరి వదిలాను. గిట్టనివాడి కోసం చూస్తే, వేదిక మీద కిళ్ళీ నములుతూ, పెద్దకర్మ సభ నడిపిన ఈ పెద్దమనిషే కనబడ్డాడు. ఆ గోడ రావాలని ఊరంతా తిరిగి చెప్పింది ఆయనే. చాలు అనుకున్నాను. మాట కదిలింది. మా ఇసుక సంగతి, ఇంటి సంగతి బాగానే చెప్పాను. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి, ఇన్నాళ్ళు గొణుక్కున్న పబన ఎక్కడికి పోయిందో పోయింది.

"ఆమకు పాచెరి దర్కార్ నాహిఁ, ఆమకు గాలి దర్కార్" అనేశాను.

గోడ వద్దు, గాలి కావాలి అన్నాననుకున్నాను. వాళ్ళు విన్నది, గోడ వద్దు, మాకు తిట్లు కావాలి అని. సభ సభంతా విరగబడి నవ్వింది. పెద్దమనిషి కిళ్ళీ నోటితో "దేబు, దేబు" అన్నాడు, ఇస్తాం ఇస్తాం అని. అధికారి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వెనక మైకు పెట్టె దగ్గర నుంచి ఇంకో నవ్వు వినబడింది. అందరికంటే గట్టిగా. తిరిగి చూడక్కర్లేదు, ఆ గొంతు నాకు తెలుసు. నాకు నేర్పిన మనిషే పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

నా కాళ్ళ వణుకు ఆగిపోయింది. భయం ఉండడానికి ఒంట్లో చోటు లేదు, అంతా కోపమే. నవ్వు అయ్యేదాకా ఆగాను. తరవాత ఒడియాలోనే అన్నాను, ఇక్కడ మీకు తెలుగులో చెబుతాను. "అవును, గాలే అన్నాను. మా భాషలో గాలి మాకు కావాలి. అది ఆపేశారో, మీ భాషలో గాలి మీకు దొరుకుతుంది. మా ఆడవాళ్ళం అందరం కలిసి ఇస్తాం."

ముందు మా ఆడవాళ్ళు ఈల వేశారు. తరవాత నవ్వినవాళ్ళే చప్పట్లు కొట్టారు. అధికారి పక్కనున్నాయన్ని అడిగి గాలి అంటే ఏమిటో తెలుసుకున్నాడు. ఆ సాయంత్రమే ఇసుక దగ్గరికి నడిచివచ్చి చాలాసేపు నిలబడ్డాడు. గోడ రోడ్డు వైపుకు మారింది. ఇప్పటికి సముద్రం వైపు తెరిచే ఉంది. రేపటికి నేను పూచీ పడను.

ఇంటికి వచ్చి గోడ మీంచి అడిగాను, "ఎందుకు నవ్వినావు?"

"నవ్వొచ్చింది, నవ్వినాను."

"నా పరువు పోనాది."

"పోతే పోనాది. గోడ కూడా పోనాది కదా." మళ్ళీ తనే, "ఇంకోసారి మాటాడితే మైకుకి అంత దగ్గిరకి రాకు. నా బాక్సు పగిలిపోతాది" అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అంటే అదే. బతికినన్నాళ్ళూ అంతకుమించి నాకు దక్కలేదు. కావాలని నవ్వాడా, నిజంగా నవ్వొచ్చిందా అని తరవాత చాలాసార్లు అడిగాను. మాట మార్చి నా చేపల మీదికి పోయేవాడు.

అరువు మాట అంటే స్టాండు పెరికేసిన మనిషిని పట్టుకుని, ఇంకొకరి నోట్లో మాటలు పెట్టాడని చెబితే ఊరుకోవాలా? పందిరి కింద నేను లేచి మైకు అడిగాను. పెద్దమనిషి, "అమ్మా, బోయినాలకి ఆలస్యం అయిపోతంది" అని దాన్ని నొక్కి ఆపేశాడు. బండెక్కి వెళ్ళిపోయాడు. గోసాని నువాగాం వాళ్ళు తీగలు చుట్టుకోవడం మొదలుపెట్టారు. జనం విస్తళ్ళ ముందు కూర్చున్నారు. అన్నం వడ్డిస్తున్నారు.

నేను బంతి మొదట్లో నిలబడ్డాను.

"మా మరిది మంచోడు కాదు" అన్నాను. తోడికోడలు తల ఎత్తింది. "నాకు ఒక్క మాట ఇవ్వనేదు. అడిగితే పొమ్మన్నాడు. ఆ దినం సభలో అన్న మాటలు నావి. గాలన్న తప్పు కూడా నాదే. ఆడిది నవ్వు ఒక్కటే. ఆ నవ్వు నాకు ఇంకెవుడూ ఇవ్వనేదు, ఇక ఇవ్వడు."

అంతే చెప్పాను. ఎవరూ కలుపుకోలేదు. అప్పటికే కలిపిన ముద్ద ఎవరూ నోట పెట్టలేదు. పప్పు వడ్డించే ఆయన ఒక విస్తరి మీద వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. గరిటె చివర నుంచి పప్పు సన్నగా కారుతూనే ఉంది. అన్నం పక్కన నిండి, మెల్లగా ఆకు అంచు దాకా పాకింది.