రెండు వైపులా ఆడిన యేసురత్నం అన్న

మొన్న మొయినాబాద్ ఫుట్‌బాల్ టర్ఫ్‌లో కోచ్ మా అమ్మాయిని "డిఫెన్సా, అటాకా?" అని అడిగాడు. నాకు మా ఎంకపల్లి యేసురత్నం అన్న గుర్తొచ్చాడు. మా ఊరి జట్టుకు ఎప్పుడూ పదకొండు మంది దొరికేవారు కాదు. అందుకే వెనక అడ్డుకునేదీ ఆయనే, ముందుకురికి గోల్ కొట్టేదీ ఆయనే. ఆముదం పట్టించిన ఆ తోలు బంతి వాసన మీకూ గుర్తుండే ఉంటుంది.

పక్కూరు ఆలూరుతో మ్యాచ్ చివర్లో అన్న కాలు తగిలి అవతలి జట్టు సాయిలు కూలిపోయాడు. ఎముక విరిగిన చప్పుడు గట్టు మీది మాకూ వినిపించింది. వాళ్ల గోల్‌కీపర్ సాయిలు దగ్గరికి పరుగెత్తాడు. గోల్ ఖాళీ, బంతి అన్న ముందే ఉంది.

"కొట్టన్నా!" అని అరిచాం.

ఆయన బంతిని వదిలేసి, సాయిలును ఎత్తుకొని రోడ్డెక్కి, ఆసుపత్రికని చేవెళ్ల బస్సు ఆపాడు.

సాయిలు కాలు సరిగా అతకలేదు. అన్న మళ్లీ బంతి ముట్టలేదు.

"నువ్వేమన్న కావాలని చేసినవా అన్నా? ఎందుకు ఆడుతలేవు?" అని ఒకసారి అడిగాను.

"సాయిలు కట్టె పట్టుకొని నడుస్తుండు చెల్లె. నేనెట్ల ఉరకాలె?"

పోయినేడు అన్న సమాధిలో పిడికెడు మట్టి వేసి, సాయిలు కట్టె ఊతంతో నా దగ్గరికి వచ్చాడు.

"ఆడమని ఎన్నిసార్లు చెప్పిన," అన్నాడు నాతో. "ఒక్కసారన్న ఇనలే."