టోపీలో మోనాల్ ఈక

ఒక్క ఈక మనిషి పరువు తీయగలదా అని ఎవరైనా అడిగితే, వాళ్ళను నేరుగా నా దగ్గరికి పంపండి. నా పరువు తీసిన ఈక తులం బరువు కూడా ఉండదు.

అప్పట్లో మేం అమెరికాలో, హెర్న్‌డన్‌లో ఉండేవాళ్ళం. మా ఆఫీసు మేనేజర్ కేరన్‌కు పక్షులంటే ప్రాణం. హిమాలయాల్లోని ఒక అభయారణ్యంలో వేటకు బలైపోతున్న పక్షుల కోసం వాళ్ళ పక్షిప్రేమికుల బృందం ఒక శనివారం సభ పెట్టింది. నేను ఇండియావాణ్ణి కాబట్టి హిమాలయాలు మా పెరట్లోనే ఉంటాయనుకుందేమో, నన్ను మాట్లాడమంది. మాది ఏలూరు. అక్కడ నేనెక్కిన ఎత్తల్లా వాటర్ ట్యాంకే. ఆ మాట చెబితే సరిపోయేది. కానీ పదిమంది ముందు ఆమె నన్ను ఎక్స్‌పర్ట్ అనేసరికి, కాదనడానికి నోరు రాలేదు.

వారం రోజులు ఇంటర్నెట్‌లో పక్షుల పేర్లు బట్టీ పట్టాను. బొమ్మలు చూసే ఓపిక లేకపోయింది. ఎప్పుడో మనాలీలో కొన్న ఈక టోపీ కూడా పెట్టెలోంచి తీశాను.

"స్పీచ్ ఇస్తే చాలు కదండీ, ఈ వేషం దేనికి?" అంది మా ఆవిడ లలిత.

ఆథెంటిక్‌గా ఉండాలన్నాను.

సభలో రెచ్చిపోయాను. ఒక చేతిలో చికెన్ టిక్కా పుల్ల, రెండో చేత్తో గాలిని నరుకుతూ, నోరులేని పక్షుల ప్రాణాల గురించి అరగంట వాయించాను. ముందు వరసలో మార్గరెట్ అనే రిటైర్డ్ టీచర్ నన్నే కన్నార్పకుండా చూస్తోంది. నా వాగ్ధాటికి కరిగిపోయిందనుకున్నాను.

"మీ టోపీలో ఈక అసలుదేనా?" అని మెల్లగా అడిగింది.

"హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్. షాపువాడు ఒట్టేసి చెప్పాడు" అన్నాను గర్వంగా.

కేరన్ తర్వాతి స్లైడ్ వేసింది. తెర నిండా మోనాల్ అనే హిమాలయ పక్షి పుంజు. దాని తలమీద ఆకుపచ్చగా మెరిసే కుచ్చు. అదే కుచ్చులోని ఈక నా నెత్తిమీదా ఉంది.

"ఈ ఈకల కోసమే దీన్ని చంపుతారు" అంది కేరన్.

అందరూ తెరనూ నన్నూ మార్చి మార్చి చూశారు. ఇక దాచి లాభం లేదు. నేను ఆ అడవిని చూడలేదనీ, పక్షుల్లో కోడి తప్ప నాకేదీ తెలియదనీ ఒప్పుకుని, టోపీ తీసి మార్గరెట్ చేతుల్లో పెట్టాను.

నెల తర్వాత కేరన్ బృందం పార్కులో పెట్టిన ప్రదర్శనకు లలితా నేనూ వెళ్ళాం. గాజుపెట్టెలో నా టోపీ, దాని పక్కన, సభలో అది పెట్టుకుని ఇకిలిస్తున్న నా ఫోటో. పైన 'మోనాల్‌కు పొంచి ఉన్న ముప్పులు' అని బోర్డు, కింద జాబితా.

లలిత వేలు పెట్టి వరసగా చదివింది. "అడవుల నరికివేత, వేట, మీరు."

అక్కడే, ఆ గాజుపెట్టె సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఈ ఊపిరి ఉన్నంతకాలం పక్షినైనా, పొగడ్తనైనా నెత్తికెక్కించుకోను.