ఐదు గొర్రెలు, ఒక వేసవి

బరువు లారీ చప్పుడు వినబడితే చాలు, సాయ్‌కల్ రొట్టెల మీది గుడ్డను రెండు అరచేతులతో అదిమి పట్టుకుంటుంది. దుమ్ము పడకుండా అని కొనేవాళ్లు అనుకుంటారు. దుమ్ము అణిగాక కూడా చేతులు తీయదు. లారీలో చుట్టిన ఉన్ని గుడారాలు, వాటి కర్రలు, ఇనప పొయ్యి, పైన కూర్చున్న ఎవరో ముసలమ్మ. పచ్చికకు పోయే ఆ బండి వంతెన దాటి కొండదారి మలుపు తిరిగేదాకా చూస్తుంది. అప్పుడు చేతులు తీసి, "ఎన్ని కావాలి?" అంటుంది.

కొండల కిందున్న మా నారిన్ ఊరి బజారులో ఆమె బల్ల పక్కనే నా మేజోళ్ల బల్ల.

పెళ్లయిన నాటి నుంచి ఇరవై రెండు వేసవులు ఆమె కొండల మీది పచ్చికలోనే గడిపింది. భర్త ఎసెన్‌తూర్ గుర్రాలు కాసేవాడు. అతని జబ్బుకే గుర్రాలన్నీ అమ్ముడుపోయాయి. అతను పోయిన ఏడాదికి సంవత్సరీకం విందు పెట్టాలి. మా వైపు దానికి గుర్రాన్ని కోస్తారు. గుర్రాలు కాసినవాడికి గొర్రెతో సరిపెట్టారన్న మాట పడలేక, ఆమె అప్పు తెచ్చి గుర్రాన్ని కొన్నది. మూడు వందల మంది తిన్నారు. లక్షా ఎనభై వేల సోమ్‌ల బాకీ మిగిలింది.

రొట్టెలు కాల్చి ఐదేళ్లలో తీర్చింది. ఆఖరి రశీదు నా చేతికిచ్చి "చదువు" అంది.

"బాకీ సున్నా."

"ఇంకోసారి చదువు."

చదివాను. "ఇంకేం అక్కా, ఈ వేసవికి పైకి పోతావా?"

"ఇప్పుడే కాదు. పది రోజులు జ్వరమొచ్చి తందూరు ఆరిపోతే మళ్లీ ఆ అప్పులవాడి గుమ్మమే. ఒక చలికాలానికి సరిపడా బొగ్గూ పిండీ నా వెనక ఉండాలి. అప్పుడు పోతా."

ఆ చలికాలపు నిల్వను ఆమె డబ్బుగా దాచలేదు. ఇంట్లో డబ్బుంటే పెళ్లికని ఒకరు, ఊయల వేడుకకని ఒకరు తలుపు తడతారు. లేదనడం మాలో ఎవరికీ చేతకాదు. గొర్రెనైతే ఎవరూ చేబదులు అడగరు. ఏడాదిలో ఒక్కొక్కటిగా ఐదు గొర్రెలు కొని, మరిది కుబాత్ మందలో కలిపింది. ఐదోది మే నెలలో కొన్నది. జూన్‌లో పరుపు దులిపి ఎండేసింది. తన బల్ల నాకు అప్పగించింది.

"పైన ఏం చేస్తావక్కా?" అని అడిగాను.

"పడుకుంటా. వాన పడితే ఉన్ని మీద చప్పుడు వేరు. రేకు మీద పడ్డట్టు అరవదు." రొట్టెల మీది గుడ్డ సర్ది, "ఏడేళ్లలో ఆ చప్పుడు మరిచిపోయాననుకుంటా," అంది.

బయలుదేరాల్సిన వారం కుబాత్ దిగివచ్చాడు. మర్నాడు పశువుల సంత. అమ్మడానికి నాలుగు గొర్రెలు తెచ్చాడు. చేతిలో గుడ్డలో చుట్టిన మాంసం.

"నీ వాటా, వదినా. మా పిల్లను చూడ్డానికి వియ్యాలవారు వచ్చారు. పన్నెండు మంది! నీ పేరు చెప్పే కోశాను. పెద్దాయన చేతులెత్తి నిన్ను దీవించాడు."

సాయ్‌కల్ మాంసం అందుకోలేదు. "ఎన్ని కోశావు?"

"నీవి వేరు, మావి వేరా..."

"ఎన్ని, కుబాత్?"

"మూడు." గొంతు తగ్గింది. "రెండు రాత్రులున్నారు మరి. ఈ సంతకు తెచ్చినవి పోగా, నావి ఇంకా ఈనలేదు. మేకను కోసి పెట్టి పరువు తీసుకోమంటావా?"

"అనను."

"ఆకులు రాలే నాటికి మూడు గొర్రెపిల్లలు ఇస్తాలే."

"ఆ పిల్లలు పెరిగేదాకా చలి ఆగుతుందా? నువ్వు చెప్పి ఆపుతావా?"

"అబ్బ, ఈ బజారు నిన్ను లెక్కల మనిషిని చేసేసింది! పైకి రా. మేముండగా ఆకలితో పోతావా?"

ఆమె అతన్ని తిట్టలేదు. పైన తానుంటే తనూ కత్తి తెచ్చి ఇచ్చేదే. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అతిథి గుమ్మంలో ఉండగా గొర్రెను దాచగలిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

"పైనున్న నా రెండూ నువ్వుంచుకో," అంది చివరికి. "ఈ తెచ్చిన నాలుగింట్లో రెండు నావి."

"ఇవి బలిసినవి వదినా!"

"మీ వియ్యాలవారు తిన్నవి బక్కవా?"

కుబాత్ నవ్వాడు. నవ్వాక కూడా ఆమె చూపు తిప్పకపోయేసరికి టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "సరే. రెండు తీసుకో. మరి ప్రయాణం?"

"రెండు గొర్రెలు చలికాలం కావు."

అప్పుడు మాంసం అందుకుంది. అతనికి తినడానికి రొట్టె విరిచి పెట్టింది.

మర్నాడు తెల్లవారకముందే సంతకు వెళ్లింది. నేనూ తోడు వెళ్లాను. రెండు గొర్రెలనూ చెరో చేత్తో మెడ దగ్గర పట్టుకుని నిలబడింది. వాటి ఉన్నిలో పైనుంచి వచ్చిన గడ్డి పరకలు ఇంకా ఉన్నాయి. బేరానికి వచ్చినవాడు వెన్ను నొక్కి చూశాడు, ధర చెప్పాడు. మంచి ధరే.  ఆమె వంగి, ఉన్నిలో వేళ్లు దూర్చి, మొహం దగ్గరగా పెట్టుకుంది.

"అమ్ముతావా, ముద్దు చేస్తావా అమ్మా?" అన్నాడు వాడు.

"అమ్ముతా." మరికాసేపు పట్టుకునే ఉంది. తర్వాత వదిలేసింది.

ఇంటికి పోలేదు. ఇరవై నాలుగు వేల సోమ్‌లు రుమాలులో కట్టుకుని, పొదుపు బ్యాంకు తలుపు తెరిచేదాకా మెట్ల మీద కూర్చుంది. నీళ్ల సీసా ఇచ్చాను. తాగింది, పచ్చిక వాసన అంటిన చేతులు మాత్రం కడుక్కోలేదు.